పేరు చెబితేనే సంతకం

తాండూరులో నన్ను మొదట చూసిన డాక్టరు చొక్కా మీదనుంచే నా పొట్టను రెండు వేళ్లతో నొక్కి "గ్యాస్" అన్నాడు. చొక్కా పైకెత్తమని కూడా అనలేదు. ఆ సంగతి ఆయనకు గుర్తుండదు. నాకు ఉంది.

అప్పటికి రెండు నెలలుగా ఎడమ పక్కటెముకల కింద బరువుగా ఉండేది. నొప్పి అని చెప్పలేను. అన్నం తిన్నాక ఎవరో అక్కడ అరచెయ్యి ఆనించి తియ్యకుండా ఉన్నట్టు ఉండేది. నేను నాపరాళ్లు పాలిష్ చేసే ఒక ఫ్యాక్టరీలో గుమాస్తాను. లారీలకు లోడు చీటీలు రాస్తాను. షెడ్డు నుంచి గేటు దాకా నడిస్తే ఆయాసం రావడం మొదలైంది. రాళ్లు ఏరి వేరు చేసే మేస్త్రీది కర్ణాటక వైపు ఊరు. రోజూ మధ్యాహ్నం నా గది ముందు ఆగి, అన్నం తిన్నావా అని "ఊట ఆయ్తా?" అని అడిగేవాడు. ఒకరోజు ఆ మాట అడగకుండా నా ముఖం చూసి, "గుమాస్తా, నీ మొఖంల రక్తమే లేదు" అన్నాడు. ముగ్గురు డాక్టర్ల కంటే ముందు సరిగ్గా చెప్పింది ఆయనే.

గ్యాస్ మాత్రలు నెల రోజులు మింగాను. తరువాత విరేచనం తారు లాగా నల్లగా పడింది. రెండో డాక్టరు దగ్గరకు పోతే మొలలు అన్నాడు. మొలలైతే రక్తం ఎర్రగా పడాలి కదా అని అడిగాను. "నువ్వు డాక్టరువా, నేనా?" అన్నాడు. వెనక బెంచీ మీద కూర్చున్న నలుగురూ నవ్వారు. అందులో ఒకడు మా గల్లీవాడే. వాడితో ఇప్పటికీ మాట్లాడను.

మూడో ఆయన స్కానింగ్ రాశాడు. స్కానింగ్‌లో కాలేయం, పిత్తాశయం, కిడ్నీలు అన్నీ బాగున్నాయని వచ్చింది. కడుపు సంచి గురించి ఒక్క ముక్క లేదు. అడిగితే, అందులో గాలి ఉంటుంది, ఈ మిషన్‌కు కనబడదు అన్నాడు. మరి కనబడని మిషన్ ఎందుకు రాశారని అడిగాను. ఆయన గంట కొట్టి తరువాతి పేషెంటును పిలిచాడు.

ఇవన్నీ చాడీలుగా చెప్పడం లేదు. ప్రతి చీటీ నా దగ్గర ఉంది. తేదీల వరుసన ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టాను.

మా ఆవిడ ఒకరోజు పొద్దున స్నానాల గది తలుపు దగ్గర నేను కూలబడటం చూసింది. చీర మార్చుకుని, కవరు చంకలో పెట్టుకుని, "నడువు, వికారాబాద్ పోదాం" అంది. పొద్దుటి ప్యాసింజరు ఎక్కాం. కిటికీ పక్కన కూర్చోబెట్టి, దారి పొడుగునా నా చొక్కా అంచు పట్టుకునే ఉంది, పడిపోతాననుకుని.

వికారాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రక్తం ఎక్కించారు. గొంతులోంచి గొట్టం వేసి చూసే పరీక్ష చేశారు. అక్కడి వార్డు బాయ్ నన్ను "ఓ ముసలాయనా, నోరు తెరువు" అన్నాడు. నాకు యాభై నాలుగు. గొట్టం నోట్లో ఉండగా తిరిగి అనలేకపోయాను.

పరీక్ష చేసినావిడ చిన్న వయసు డాక్టరు. కడుపు సంచి లోపలి గోడ ఒకచోట నిమ్మకాయంత ఉబ్బి ఉందని, ఉబ్బు మీద చిన్న పుండు ఉందని, రక్తం అక్కడినుంచే పోతోందని చెప్పింది. ముక్క తీసి పరీక్షకు పంపింది. వారం తరువాత రిపోర్టు వచ్చింది. అందులో గడ్డ అన్న మాటే లేదు. పొరకు కొద్దిగా వాపు ఉందని మాత్రం రాసి ఉంది.

"మేడం, ఇదేంది? నా కడుపుల గడ్డ ఉన్నదని మీరే అంటిరి. గీ కాగితం లేదంటున్నది."

"ఉన్నది, అన్నా. గడ్డ పొర కింద ఉన్నది. ముక్క గిల్లే మా పట్టకారుకు పైపొరే అందుతది. పరుపు మీది దుప్పటి కొంచెం చింపి చూస్తే లోపల దూదా, కొబ్బరి పీచా తెలుస్తదా?"

"మరి లోపలికి పోయి తియ్యండి."

"అట్ల లోతుకు గిల్లితే రక్తం ఆగదు."

అన్నా అని పిలిచింది కాబట్టి కోపం రాలేదు. మళ్లీ గొట్టం వేసి, అదే చోట ఒకదాని కింద ఒకటి నాలుగు ముక్కలు తీసింది. మళ్లీ వాపు అనే వచ్చింది. తరువాత పెద్ద స్కానింగ్ తీశారు. గడ్డ అందులో కనబడింది. రిపోర్టు కింద, ఇది అయ్యుండొచ్చు, లేకపోతే ఇది, అదీ కాకపోతే ఇది అని నాలుగు పేర్లు రాశారు. నాలుగింటిలో ఒకటి క్యాన్సరు అయ్యే రకం. ఒకటి కానే కానిది. మిగతా రెండూ మధ్యలో ఎటూ కానివి.

హైదరాబాద్‌లో లోపలి నుంచే సూది గుచ్చి తీసే పరీక్ష ఉందంటే అక్కడికీ పోయాం. సూదిలో వచ్చింది పరీక్షకు సరిపోలేదని రాసి ఇచ్చారు. ఇంకోసారి రమ్మన్నారు. ఇంకోసారి పోయాం. ఇంకోసారీ సరిపోలేదు.

అప్పుడు వికారాబాద్ ఆసుపత్రికి వారానికి రెండు రోజులు వచ్చే సర్జన్ దగ్గర కూర్చోబెట్టారు. పెద్దమనిషి. కాగితాలన్నీ ఓపికగా చూశాడు. కడుపులో ఆ ముక్క వరకు కోసి తీసెయ్యాలన్నాడు.

"అదేం గడ్డ సార్?"

"తీసి పరీక్షకు పంపినంక తెలుస్తుంది."

"తీసేముందు చెప్పండి."

"ఎక్కువగా వచ్చే రకం ఇదే అనుకుంటున్నాం." నాలుగింటిలో మొదటి పేరు మీద వేలు పెట్టాడు. క్యాన్సరు అయ్యే రకం అదే. "కానీ పక్కా కాదు. ఇట్లాంటివి పైకి అన్నీ ఒక్క తీరే కనబడతాయి. స్కానింగ్‌లో ఒక్కటే, గొట్టంలో ఒక్కటే. ముందుగా చెప్పమంటే ఎవ్వరం చెప్పలేం."

కేసు షీటు మీద ఆ మొదటి పేరు రాసి, దాని ముందు ఒక ప్రశ్న గుర్తు పెట్టాడు. నేను చూస్తూనే ఉన్నాను. నా కడుపు కొయ్యడానికి వాళ్ల దగ్గర ఉన్న ఆధారం ఆ ప్రశ్న గుర్తు.

నర్సు ఒప్పుకోలు కాగితం ఇచ్చింది. నేను పెన్ను మూత తియ్యలేదు.

"పేరు చెప్పండి. సంతకం పెడతా," అన్నాను.

సర్జన్ కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది. "ఆలోచించుకోండి. కానీ మళ్లీ రక్తం పోతే కష్టం. ఆలస్యం చెయ్యొద్దు," అన్నాడు.

రైల్లో మా ఆవిడ వికారాబాద్ దాటాక నోరు తెరిచింది.

"పేరు తెలిస్తే ఏం చేస్తవు?"

"తెలుసుకుంట."

"తెలుసుకోని?"

ఏడున్నర నెలలుగా నా కడుపు గురించి ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు చెప్పారు. ఆ పేర్లన్నీ తప్పే. ఈసారి తప్పు చెప్పినా సరే, ధైర్యంగా ఒక పేరు చెప్పి కొయ్యమని నా పట్టు. అది మూర్ఖమో కాదో నేను అప్పుడు ఆలోచించలేదు. ఆ రోజుల్లో నాకు భయం కూడా పెద్దగా లేదు. పాలిష్ మిషన్ల చప్పుడులో పొద్దంతా ఉన్నాక సాయంత్రం చెవులు ఎట్లా ఉంటాయో, మనిషి మొత్తం అట్లా ఉన్నాను. ఎవరైనా మాట్లాడితే పెదాలు కదలడం కనిపించేది.

ఇరవై రెండు రోజులు సంతకం పెట్టకుండా ఉన్నాను. మా ఆవిడ అన్నం మెత్తగా వండి పెట్టి, పొద్దున్నే స్నానాల గది దగ్గర నిలబడి నీళ్ల చప్పుడు వినేది. నల్లగా పడిందా అని అడగడానికి సిగ్గుపడి, "ఏమన్న ఉన్నదా?" అనేది. లేదు అనేవాణ్ణి. రెండుసార్లు అబద్ధం చెప్పాను.

ఒక ఆదివారం మా ఊరికి పోయాను. కుల్కచర్ల పక్కన చిన్న ఊరు. అక్కడ మా అన్న గొర్రెల మంద ఉంది. మంద పేరుకు అన్నదే కానీ అందులో పద్దెనిమిది గొర్రెలు నావి. నాయిన పోయినప్పుడు మాకు పంచినవాటి సంతానం. నేను తాండూరులో ఉంటాను కాబట్టి అన్న మేపుతాడు. అందుకు పుట్టిన పిల్లల్లో సగం ఆయనవి. ఎవరి జీవం ఏదో చెవి చూసి చెప్పవచ్చు. నా వాటికి ఎడమ చెవి కొన కొట్టేసి ఉంటుంది. అన్నవాటికి కుడి చెవి అంచున గాటు ఉంటుంది. మాలో ఒకరి జీవానికి ఇంకొకరి గుర్తు రెండు సందర్భాల్లోనే పడుతుంది. అమ్మినప్పుడు ఒకటి. మనిషి చనిపోయి దినాలు అయినంక ఒకటి. మనిషి లేని గుర్తు మందలో ఉండకూడదంటారు.

నేను పోయేసరికి వదినె దొడ్డి దగ్గర మేకకు పాలు పిండుతోంది. నన్ను చూసి లేచింది. మామూలుగా అయితే "వచ్చిండు వకీలు" అని వెక్కిరించేది. నేను ఎక్కడ ఏ అర్జీ పెట్టినా ఆమెకు నవ్వే. ఆ రోజు ఏమీ అనకుండా గిన్నె కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, ఇంట్లోకి పోయింది. నాకు అప్పుడే తెలిసి ఉండాల్సింది.

మంద ఇంకా తోలలేదు. ఎడమ చెవి కొన లేని గొర్రె ఒకటి నా వైపు తిరిగింది. దాని కుడి చెవి అంచున పసుపు, ఆముదం రాసి ఉంది. కింద పచ్చి గాటు. పక్కది చూశాను. దానికీ అంతే. వంగలేకపోతున్నా తిరిగి తిరిగి లెక్క చూశాను. పద్దెనిమిదింటికీ రెండు చెవులూ కోసి ఉన్నాయి.

అన్న తడక పక్కకు జరిపి వచ్చాడు.

"అన్నా, గిదేంది?"

"ఏంది?"

"చెవులు."

అన్న తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. ఆయనకు మాట దొరకనప్పుడు అట్లా చేస్తాడు.

"నీకు చెప్దామనే అనుకున్న తమ్మీ. పిల్లల చెవులు కోస్తుంటిమి. బ్లేడు చేతుల ఉండె. ఇంకో నెలయితే గివన్ని సూడివైతయి. సూడి గొర్రె చెవి కొయ్యొద్దు, నీకెర్కనే. అప్పుడు ఈని లేచేదాక ఆగాలె."

"ఆగితే ఏమైతుండె?"

ఆయన వంగి తడకకు కట్టిన తాడు బిగించాడు.

"నేను సచ్చిపోయిననా అన్నా?"

"గట్లెందుకు అంటవ్. నాయినకు గిట్లనే నల్లగ పోయింది. కడుపుల గడ్డ అన్నరు. నెల తిరగలే. నీది గూడ పెద్ద పెద్ద దవఖానలల్ల ఏందో చెప్తలేరాయె. చెప్తలేరంటే ఏమనుకోవాలె? రేపు మరదలు గీ దొడ్డి కాడికొచ్చి నా జీవం నీ జీవం అని నిలవడ్తదా? మంద ఒక్క గుర్తు మీద ఉంటే అమ్మి పైసలు ఆమెకే ఇస్తుంటి."

"నన్ను అడిగినవా?"

"గీ మాట నిన్నెట్ల అడుగుతర్రా?"

ఆయన అబద్ధం చెప్పడం లేదని నాకు తెలుసు. ఆయన లెక్క ఆయన పనికి సరిపోయేదే. సూడి కట్టే నెలలు ఆయనకు వేళ్ల మీద ఉంటాయి. నాకు ఇంకా ఎన్ని నెలలో డాక్టర్లు చెప్పలేదు కాబట్టి, నాయిన లెక్కను నాకు కట్టాడు. అట్లా ఆలోచించేవాళ్లు మా వాళ్లలోనే ఉంటారు. కానీ చెవి తెగితే మళ్లీ అతకదు. బతికుండగా, అమ్మకుండానే, తన గుర్తు మీద ఇంకొకరి గుర్తు చూసిన మనిషిని నేను ఒక్కణ్ణే అయ్యుంటాను మా వంశంలో.

వదినె చాయ్ తెచ్చింది. తాగలేదు. "చాయ్‌ల విషం పెట్టలే," అంది. ఆమె మామూలుగా మాట్లాడింది అంతసేపటికి అదొక్కటే.

పరిగిలో బస్సు మారి చీకటి పడకముందే ఇల్లు చేరాను. మా ఆవిడ తలుపు తియ్యగానే చెప్పాను. "రేపు వికారాబాద్ పోదాం. సంతకం పెడత."

"పేరు చెప్పిన్రా?"

"వద్దు పేరు."

ఆమె ఎందుకని అడగలేదు. తరువాత ఎప్పుడో, ఆ రోజు ఊర్లో ఏం జరిగిందో చెబితే, "మీ అన్నకు దండం పెట్టాలె అయితే," అంది. ఆ మాటకు నేను రెండు రోజులు ఆమెతో సరిగా మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే, ఆరోగ్యం కోసం నేను ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు. ఆ గొర్రెల చెవులు తప్పని తేల్చడానికి పెట్టాను.

ఆపరేషన్ గురించి చెప్పడానికి ఏమీ లేదు. మత్తు ఇచ్చారు, లేచాను. ముక్కులో గొట్టం, పక్కలో గొట్టం. సర్జన్ వచ్చి గడ్డ మొత్తం వచ్చిందని చెప్పి, ఒక సీసా ఎత్తి చూపించాడు. నీళ్లలో బూడిద రంగు ముద్ద ఉంది. సాపుగా, గట్టిగా, ఒక పక్క కొద్దిగా ఎర్రగా ఉంది.

"చూస్తే ఇప్పుడు చెప్పగలరా సార్?"

"లేదు. కోసి, రంగులు వేసి, మైక్రోస్కోప్‌లో చూడాలి."

చేతిలోకి వచ్చాక కూడా చెప్పలేకపోయారు. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

మొదటి రిపోర్టు పది రోజులకు వచ్చింది. అందులోనూ పేరు లేదు. పొడుగాటి కణాలు ఉన్నాయి, ఇంకో రకం రంగు పరీక్షలు చేస్తే తేలుతుంది అని రాసి ఉంది. ఆ పరీక్షలకు ఇంకో పన్నెండు రోజులు. ఆ రోజుల్లో మా ఆవిడ గంటకోసారి రెండు చెంచాల జావ పోసేది. కోత చుట్టూ చర్మానికి స్పర్శ లేదు. గిల్లుకుంటే వేరే ఎవరి పొట్టనో గిల్లినట్టు ఉండేది. రిపోర్టు గురించి కూడా అంతే. అది వేరే ఎవరిదో రావాలి, మేము ఊరికే తెలుసుకుందామని కూర్చున్నాం అన్నట్టు ఉండేది.

చివరి రిపోర్టు ఆ చిన్న డాక్టరమ్మే చదివి చెప్పింది. నాలుగు పేర్లలో మొదటిది కాదు. కడుపు గోడలో పోయే నరం మీది పొర నుంచి పుట్టిన గడ్డ. కడుపులో రావడం చాలా అరుదట. ఆమె ఉద్యోగంలో ఇదే మొదటిదట. క్యాన్సరు కాదు. మొత్తం తీసేశారు కాబట్టి మందులు కూడా అక్కర్లేదు.

మా ఆవిడ అక్కడే కుర్చీలో ముందుకు వంగి ముఖం కప్పుకుంది. నేను మాత్రం, నెలల తరబడి లోపల రాసి పెట్టుకున్న ప్రశ్న అడిగాను.

"ఇది ముందే తెలిస్తే నన్ను కొయ్యకపోదురా?"

ఆమె సర్జన్‌ను పిలిచింది. ఆయన రిపోర్టు తిప్పి చూసి అన్నాడు. "రక్తం పోతున్నది కదా. తెలిసినా తీసేవాళ్లమే. ఇదే కోత, ఇంతే ముక్క."

నేను ఆ వారంలో ఒక అర్జీ సగం రాసి పెట్టుకున్నాను. ఎవరికి ఇవ్వాలో తేలలేదు కానీ తప్పు ఎవరిదో రాశాను. పేరు తెలియకుండా కోశారన్నది అందులో ముఖ్యమైన సంగతి. ఆయన మాట తరువాత అందులో మిగిలేది ఏమీ లేదు. ఇంటికి వచ్చి చింపలేదు, పూర్తి చెయ్యనూ లేదు.

తాండూరులో మొదటి డాక్టరు దగ్గరకు మాత్రం పోయాను. టోకెన్ తీసుకుని, వంతు వచ్చేదాకా కూర్చుని, కవరు మొత్తం ఆయన టేబుల్ మీద పెట్టాను. ఆయన చాలాసేపు చదివాడు. "దీన్ని నేను పుస్తకంల తప్ప చూడలే," అన్నాడు. నేను ఇంకా ఏమైనా అంటాడేమో అని ఆగాను. కవరు తిరిగి ఇస్తూ, "ఇప్పుడు గ్యాస్ ఎట్లున్నది?" అన్నాడు. ఇక్కడి బెంచీ మీద ఎవరూ నవ్వలేదు.

కుట్లు తీసిన నెలకు ఊరికి పోయాను. అన్నకు చదువు రాదు. అయినా రిపోర్టు పట్టుకుపోయాను. దొడ్డి ముందు మంచం వేసి కూర్చోబెట్టారు. రిపోర్టు తీసి, పేరు చదివి, అర్థం చెప్పాను. క్యాన్సరు కాదు అన్న చోట గట్టిగా చదివాను.

అన్న కాగితం చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పాడు. తప్పు చేశాను అంటాడని ఎదురుచూశాను. అనలేదు. ఇప్పటికీ అనలేదు. నేనూ మాఫీ చెయ్యలేదు.

"మరి నాయినది గూడ గిదేనా?" అన్నాడు.

నేను ఆ ప్రశ్నకు సిద్ధంగా లేను. నాయిన పోయినప్పుడు నేను తాండూరులో ఉన్నాను. ఆఖరు రోజుల్లో ఎత్తి పట్టుకున్నది అన్న. నల్లటి గుడ్డలు వాగులో ఉతికింది వదినె.

"తెల్వది," అన్నాను.

"గొట్టం వేసి చూస్తే తెలుస్తుండెనా?"

"గొట్టంతోని తెల్వది అన్నా. కోసినంకనే."

"మనం నాయిన కడుపు కోపియ్యకపోతిమి," అన్నాడు.

వదినె గుమ్మంలో నిలబడి వింటోంది. అన్న కాగితాన్ని వచ్చిన మడతల మీదే మడిచి నాకు ఇచ్చాడు. నేను కవరులో పెట్టాను. ఇంకాసేపు కూర్చున్నాం. తరువాత ఆయన మంద తోలుకుపోవాల్సిన వేళ అయింది, లేచాడు.